ఆగి ఆగి నడిచే గంగాధర్ బొమ్మ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఈ మూడు ఊళ్ళకు స్టాప్‌మోషన్ బొమ్మల సినిమాను తెచ్చినవాణ్ణి నేనే. హైదరాబాద్ నుంచి పెద్ద పెద్ద వాళ్ళు కార్లేసుకొని కోరుట్ల దాకా వచ్చి, నా బల్ల ముందు చేతులు కట్టుకొని నిలబడి పని నేర్చుకొని పోయారు.

ఈ మాట నేను చాలా చోట్ల చెప్పాను కనుక ఇక్కడా చెప్పేశాను. ఇప్పుడు నిజం చెబుతాను. తెచ్చింది నేనే గాని, తెస్తానని పోటీకి ఇంకెవరూ రాలేదు. హైదరాబాద్ నుంచి కారులో వచ్చింది ఒక్కడే, మా మేనల్లుడు. వాడొచ్చింది పెళ్ళిపత్రిక ఇవ్వడానికి. చాయ్ చల్లారేదాకా నా బల్ల దగ్గర నిలబడి, నేను ఒక గుడ్డబొమ్మ మోకాలును వెంట్రుకవాసి వంచి ఫోటో తీయడం, మళ్ళీ వెంట్రుకవాసి వంచి మళ్ళీ ఫోటో తీయడం చూశాడు. "మామా, గిదంత చేత్తోనే చేస్తవా? డాక్టర్‌కు గిట్ల చూపెట్టుకున్నవా?" అని అడిగి వెళ్ళిపోయాడు.

వాడు చూసిందే నా ఉద్యోగం. కదలని వస్తువును కొంచెం జరపాలి, చేయి తీసేయాలి, ఫోటో తీయాలి. మళ్ళీ జరపాలి. ఆ ఫోటోలన్నీ వరసగా గబగబా తిప్పితే బొమ్మ తనంతట తానే నడిచినట్టు కనబడుతుంది. మీరిప్పుడు ఫోన్ పట్టుకొని ఈ పనిలోకి దిగుతున్నారు. ఫోన్‌లోనే ఫోటోలు, ఫోన్‌లోనే కూర్పు. అదృష్టవంతులు. మీకు పనికొస్తుందని నాలుగు సంగతులు రాస్తున్నాను. వాటిలో ముఖ్యమైనది చివరిది. ఒక నాలుగేళ్ళ పిల్ల తన తండ్రి దగ్గరికి పోతుందా పోదా అన్నది నేను చేసిన జానెడు బొమ్మ మీద పడ్డ సంగతి. దానికి ముందు మూడు పాఠాలు తెలియాలి. అవి తెలియకపోతే అక్కడ ఏం జరిగిందో తెలియదు.

కాళ్ళు చూడు

నేను మొదట కోరుట్లలో దుకాణాలకు బోర్డులు రాసేవాణ్ణి. జగిత్యాలలో మల్లేశం సారు అని ఒకాయన కేబుల్ టీవీకి అడ్వర్టైజ్‌మెంట్లు తీసేవాడు. బట్టల షాపులు, ఎరువుల షాపులు, పెళ్ళి హాళ్ళు. నా బోర్డు మీద బొమ్మ చూసి ముచ్చటపడి, కబురు పెట్టి మరీ పిలిపించుకున్నాడని చెబుతుంటాను. నిజానికి ఒక బోర్డు మీద ఆయన పేరులో అక్షరం తప్పు రాస్తే తిట్టడానికి పిలిపించాడు. తిట్టాక చాయ్ తాగించాడు. చాయ్ తాగాక పని ఇచ్చాడు. ఆయన పద్ధతి అది.

బొమ్మల పని నేర్పుతానని చెప్పి మొదటి వారం నన్ను కెమెరా ముట్టనీయలేదు. బస్టాండు ఎదుట హోటల్‌లో కూర్చోబెట్టి, వచ్చేపోయే వాళ్ళను చూడమన్నాడు. సాయంత్రం వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏం సూసినవ్‌రా?"

"మొకాలు సూసిన సార్. అన్ని తీర్ల మొకాలు సూసిన."

"మొకాలు పోలీసోళ్ళు సూస్తరు. నువ్వు కాళ్ళు సూడు."

నాకు అర్థం కాలేదు. ఆయన రోడ్డు అవతల నడుస్తున్న ఒకతన్ని చూపించాడు. "గాయిన మొన్ననే దుబాయి నుంచి దిగినట్టున్నడు. చేతిల ఏమన్న ఉందా? లేదు. అయినా సూట్‌కేసు మోసినట్టే ఒక దిక్కు వంగి నడుస్తుండు. గది పట్టుకో. ముక్కు వంకర పోయినా, మూతి వంకర పోయినా జనం ఏమనరు. నడక దొరికిందనుకో, ఆ మనిషి దొరికినట్టే."

ఈ మాటను నేను తర్వాత చాలా మందికి నా సొంత మాటగా చెప్పి పేరు సంపాదించాను. ఆ పేరు ఆయనది. మీరు మాత్రం బొమ్మకు కళ్ళు దిద్దడానికి రెండు రోజులు కూర్చునే ముందు, మీ ఇంట్లో వాళ్ళు వంటింట్లోంచి వాకిట్లోకి ఎట్లా నడుస్తారో రెండు గంటలు చూడండి.

ముసలిదైపోయిన పసుపు

నా మొదటి సొంత పని ఒక పసుపు వ్యాపారి అడ్వర్టైజ్‌మెంటు. పసుపు కొమ్ములను చూశారు కదా, వాటికి కాళ్ళూ చేతులూ ఉన్నట్టే ఉంటుంది. వాటితో పెళ్ళి ఊరేగింపు తీశాను. లావుపాటి కొమ్ము పెళ్ళికొడుకు, సన్నటి కొమ్ములు బరాతులో ఎగిరే పిల్లలు. ఇంత గొప్ప ఆలోచన జిల్లాలో ఎవరికీ రాలేదని మల్లేశం సారే అన్నాడు. (ఆయన అన్నది "ఎవనికీ రాదురా గిసొంటి ఆలోచన" అని. ఏ ఉద్దేశంతో అన్నాడో నేను అడగలేదు.)

నేను చేసిన తప్పు ఒక్కటే. ఉడకబెట్టి ఇంకా ఎండని కొమ్ములు తెచ్చాను. మెత్తగా ఉంటాయి, పిన్ను గుచ్చడానికి వీలుగా ఉంటాయని. పెద్ద బల్బుల కింద రోజూ పొద్దటి నుంచి సాయంత్రం దాకా తీశాను. నాలుగైదు రోజుల పని. మొత్తం కూర్చి వ్యాపారికి చూపించాము. బరాతు బయలుదేరేటప్పుడు పెళ్ళికొడుకు నిగనిగలాడుతూ ఉన్నాడు. మండపం దగ్గరికి వచ్చేసరికి ముడతలు పడి, నడుం వంగి, సగం అయ్యాడు. వెనక పిల్లలంతా తాతలయ్యారు.

వ్యాపారి మల్లేశం సారు వైపు తిరిగి, "మల్లేశం, నా పసుపు కొంటె పెండ్లిపిల్లగాడు మండపం కాడికి పోయేవరకు ముసలోడైతడని చెప్తున్నవా?" అన్నాడు.

తీస్తుండగా మారిపోయే వస్తువును బల్ల మీదికి ఎక్కించకండి. పూలు వాడుతాయి, ఐసు కరుగుతుంది, బంకమట్టి మన ఎండాకాలంలో జారిపోతుంది. బొమ్మ ఒక్కటే మారాలి, అదీ మీరు మార్చినంతే. మిగిలిందంతా రాయిలా ఉండాలి. ఫోన్ కూడా అంతే. వెలుతురును బట్టి దానంతట అది రంగు మార్చుకోకుండా, ఫోకస్ జరుపుకోకుండా అందులో తాళం వేసే వీలుంటుంది. వేయండి. కిటికీ మూయండి, నల్లగుడ్డ కట్టండి, ఒకే దీపం పెట్టుకోండి. తెల్ల చొక్కా వేసుకొని దగ్గర నిలబడకండి, దాని వెలుగు బొమ్మ మీద పడి ఫోటో ఫోటోకూ మారుతుంది. నేను పనిచేసినన్నాళ్ళూ ముదురు రంగు చొక్కాలే తొడిగాను. అది కళాకారుడి దర్జా అనుకునేవాళ్ళు. ఆ అపోహను నేనేమీ చెరపలేదు.

మగ్గాలు ఆగవు

మూడో పాఠం సిరిసిల్లలో నేర్చుకున్నాను. అక్కడ ఒక మరమగ్గాల ఆసామి తువ్వాళ్ళ కోసం సినిమా అడిగాడు. తువ్వాల తనంతట తాను మడతపడి, మెట్లెక్కి, అలమరలో కూర్చోవాలి. మగ్గాల షెడ్డు పక్క గదిలోనే బల్ల వేశాను. ఫోటోలు తీసి తిప్పి చూస్తే తువ్వాల చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. వణికేది తువ్వాల కాదు, నేల. మగ్గాలు కొట్టే దెబ్బకు నేల, నేల మీద బల్ల, బల్ల మీద కెమెరా అన్నీ అదురుతున్నాయి.

నా సినిమా కోసం వీధి వీధంతా మగ్గాలు ఆపించానని నేను చెప్పే కథ ఒకటుంది. అందులో ఆసామి ఈల వేస్తాడు, మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, నేను కెమెరా నొక్కుతాను. వినడానికి బాగుంటుంది. జరిగింది వేరు. షెడ్డులోకి పోయి మగ్గం మీదున్న ఒకతన్ని, "అన్నా, జర ఒక్క గంట ఆపరాదె" అని అడిగాను.

అతను నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "ఆపుత. నువ్వు మా ఇంటికి పోయి పొయ్యి కూడ ఆపి రా" అన్నాడు.

కరెంటు పోతే మగ్గాలు ఆగుతాయని ఎదురుచూశాను. పోయింది. మగ్గాలు ఆగాయి. నా బల్బులూ ఆరిపోయాయి. ఆ చీకట్లో నవ్వులు షెడ్డులోంచి నా గది దాకా వినబడ్డాయి. చివరికి బల్లా గిల్లా ఆటోలో వేసుకొని, చందుర్తిలో మా చుట్టాల ఇంటికి పోయి తీశాను. అక్కడ మగ్గాలు లేవు. కోళ్ళున్నాయి, అది వేరే కథ.

కెమెరా కదలకూడదు. ఫోన్‌ను డబ్బాకు ఆనించి, పుస్తకం అడ్డం పెట్టి తీస్తామంటే కుదరదు. స్టాండు కొనండి, కాళ్ళను టేపుతో నేలకు అతికించండి, దాని మీద ఇసుక సంచి వేలాడదీయండి. బొమ్మ పాదాన్ని పిన్నుతో థర్మాకోల్‌కు గుచ్చండి. ఒక పాదం గుచ్చి ఉండగా రెండోది లేపాలి. ఇక్కడికి పాఠాలు అయిపోయాయి.

సుజాత తెచ్చిన చొక్కా

మల్లేశం సారు పోయాక స్టూడియో మూతపడింది. నేను కోరుట్లలో ఇంట్లోనే చిన్నాచితకా పనులు చేసుకొని, కళ్ళు సహకరించడం లేదని చెప్పి మానేశాను. ఒక చలికాలం పొద్దున సుజాత అనే అమ్మాయి వచ్చింది. మా జిల్లా ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. వెంట నాలుగేళ్ళ కూతురు మిన్ను. అప్పుడప్పుడు కేబుల్‌లో వచ్చిన నా పసుపు బరాతును సుజాత చిన్నప్పుడు చూసిందట. ముడతలు పడ్డదే. అది ఎట్లా బయటికి వచ్చిందో ఆ వ్యాపారికే తెలియాలి.

సుజాత భర్త గంగాధర్ గల్ఫ్‌లో ఉన్నాడు. మిన్ను కడుపులో ఉండగా పోయినవాడు, కంపెనీ గొడవల వల్ల మధ్యలో రాలేకపోయాడు. ఇప్పుడు ఎండలు మొదలయ్యేటప్పటికి నెలన్నర సెలవు మీద వస్తున్నాడు.

"ఫోన్ల ఆయిన మొకం కనబడంగనే ఈ పోరి మంచం కిందికి దూరుతది మామా," అంది సుజాత. "కార్టూన్ బొమ్మలు పెడితే మాత్రం అన్నం తినుడు కూడ మరుస్తది. గందుకే, ఆయిననే బొమ్మ చేసి పెట్టు. బొమ్మగనన్న అలవాటైతే, అచ్చినప్పుడు దగ్గరికి పోతదేమో."

నేను వెంటనే ఒప్పుకున్నానని అందరికీ చెప్పాను. ఒప్పుకోలేదు. మోకాళ్ళు నొస్తున్నాయన్నాను, కళ్ళు కనబడడం లేదన్నాను, వచ్చే నెల చూద్దామన్నాను. ఆమె వాదించలేదు. సంచీలోంచి ఒక నీలం గళ్ళ చొక్కా తీసి బల్ల మీద పెట్టింది. "గిది ఆయిన ఇడిసి పోయిన అంగి. బొమ్మకు దీని బట్టనే కుట్టు. కత్తిరించినా ఏమనడు, నేను చెప్త."

మిన్ను మాత్రం నా బల్ల కింద ఉంది. కొత్తవాళ్ళ దగ్గర అంతేనట. కిందినుంచి గొంతు వినబడింది. "తాతా, నీ బొమ్మ కరుస్తదా?"

"కరవది."

"మరి మాట్లాడుతదా?"

"అది గూడ రాదు. నడుస్తది గంతే."

"గట్లయితె మంచిగనే ఉంటది," అంది. ఇగ నాకు తప్పించుకునే దారి కనబడలేదు.

మీసాలు కొంచెం ఎక్కువయ్యాయి

బైండింగ్ వైరు రెండు పేటలుగా మెలిపెట్టి మనిషి ఆకారం చేశాను. దాని మీద దూది, దారం చుట్టాను. చొక్కా జేబు దగ్గరి బట్ట కత్తిరించి అంగీ కుట్టాను. సుజాత ఇచ్చిన పెళ్ళిఫోటో చూసి ముఖం దిద్దాను. ఆ ఫోటోలో అతనికి ఒత్తు జుట్టు, సన్నటి మీసాలు. నా మాటల్లాగే నా బొమ్మలు కూడా కొంచెం ఎక్కువే. నల్ల ఉన్నితో జుట్టు ఇంకాస్త ఒత్తుగా పెట్టాను. మీసాలు కూడా ఉన్నితోనే, చివర్లు పైకి తిరిగేటట్టు, పోలీసు ఇన్‌స్పెక్టర్‌కు ఉన్నట్టు పెట్టాను. గమ్‌తో అతికించి చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

కథ చిన్నదే. అట్టముక్కలతో చేసిన విమానం దిగుతుంది. గంగాధర్ బొమ్మ సూట్‌కేసుతో దిగుతుంది. ఆటో ఎక్కుతుంది. ఊరి దారిలో నడుస్తుంది. ఇంటి ముందు ఆగి, సూట్‌కేసు కింద పెట్టి, గొంతుక్కూర్చొని రెండు చేతులూ చాపుతుంది. అక్కడ మిన్ను బొమ్మ పరుగెత్తుకుంటూ రావాలి. కాని రాదు. చేతులు చాపుకొని కూర్చున్న చోట సినిమా అయిపోతుంది.

ఆ ఖాళీ జాగాను కావాలనే వదిలానని, అదే అందులో గొప్పతనమని నేను ఇద్దరు ముగ్గురికి వివరించాను. నిజం ఏమిటంటే మిన్ను బొమ్మను ఎండకు ఆరబెడితే కుక్క ఎత్తుకుపోయింది. ఇంకొకటి చేసే ఓపిక లేక అక్కడికే ఆపేశాను.

నడక విషయంలో కూడా ఓపిక తక్కువే పడింది. సెకనుకు పన్నెండు ఫోటోలు వేస్తే నడక సాఫీగా వస్తుంది. మీరు అంతకు తగ్గకండి. నేను ఆరుతో సరిపెట్టాను. అందుకని బొమ్మ సాఫీగా నడవదు. ఒక అడుగు వేస్తుంది, ఆగుతుంది, ఏదో ఆలోచించినట్టు ఉంటుంది, చటుక్కున ఇంకో అడుగు వేస్తుంది. మల్లేశం సారు చూసి ఉంటే ఫోన్ నా నెత్తిన పెట్టి కొట్టేవాడు. సుజాత చూసి, "గిట్ల కుంటుతుండేంది మామా?" అంది.

"గది స్టైల్," అన్నాను.

మిన్నుకు మాత్రం ఎంత నచ్చిందో. అన్నం తినేటప్పుడు పెట్టాలి, పడుకునేటప్పుడు పెట్టాలి. చివర్లో బొమ్మ చేతులు చాపగానే ఫోన్ అద్దం మీద వేలు పెట్టి "డాడీ" అనేదట. సుజాత ఫోన్ చేసి చెప్పింది. ఆ సంగతి మా వీధిలో నేను ఎన్ని ఇళ్ళలో చెప్పానో లెక్కలేదు.

గీయిన కాదు

గంగాధర్ వచ్చాడు. వారం దాటాక సుజాత నుంచి ఫోన్.

"మామా, నీ బొమ్మ మా కొంప ముంచింది. జర వచ్చిపో."

బొమ్మను సంచీలో వేసుకొని బస్సెక్కాను. వాళ్ళ వాకిలి నిండా పసుపు ఆరబోసి ఉంది. ఉడికిన కొమ్ములు పట్టాల మీద గోడ నుంచి గోడ దాకా పరిచి, మధ్యలో పాదం పట్టేంత సందులు వదిలారు. గంగాధర్ తల్లి పోశవ్వ కోళ్ళు రాకుండా కట్టె పట్టుకొని అరుగు మీద కూర్చుంది. నన్ను చూసి, "మీసాల బొమ్మ చేసిన సారువు నువ్వేనా? రా, కూసో," అంది. ఆ గొంతులో మర్యాద తక్కువ, కట్టె ఎక్కువ ఉంది.

గంగాధర్‌ను చూశాను. పెళ్ళిఫోటోలో ఉన్న మనిషి కాదు. జుట్టు నెత్తి మీద లేదు. మీసాలు నున్నగా తీసేశాడు. ఎండకు మాడి, సన్నబడి, పచ్చ రంగు టీషర్టు తొడుక్కొని ఉన్నాడు. నేను ఎక్కువ చేసిందంతా అతని దగ్గర తక్కువైంది.

"పోరి ఏమంటుందో ఎర్కనా కాకా?" అన్నాడు. నవ్వడానికి ప్రయత్నం చేశాడు. "గీయిన డాడీ కాదు, డాడీకి మీసాలుంటయి, డాడీ గింతే ఉంటడు అని గిట్ల చెయ్యి పెట్టి చూపిస్తుంది." జానెడు ఎత్తు చూపించాడు.

అతను ఇంట్లో ఉంటే పిల్ల గదిలోంచి బయటికి రాదు. అన్నం తినదు. అందుకని పొద్దున్నే చెలకకు పోయి, పిల్ల తిన్నాక వస్తున్నాడు. అదీ లాభం లేక, ఆ రోజే ఎల్లారెడ్డిపేటలో అక్క ఇంటికి పోతానని బ్యాగు సర్దుకున్నాడు. టికెట్టు ముందుకు జరుగుతుందేమో అడిగాడట కూడా.

"కన్నబిడ్డ అన్నం మానేస్తుంటే నేనేడ కూసొని తినాలె? ఇంకోసారి సూద్దాం. జర పెద్దగయినంక," అన్నాడు.

"ఇంకోసారి అంటే ఎన్నేండ్లకు?" అంది సుజాత. అతను బ్యాగు జిప్పు లాగాడు. సుజాత నా వైపు చూసింది. నేను సంచీ వైపు చూశాను.

నా దగ్గర ఒకటే ఉపాయం ఉంది. బొమ్మను గంగాధర్ అరచేతిలో నిలబెట్టి, పిల్లకు చూపించమన్నాను. ఇద్దరినీ ఒకచోట చూస్తే ఒకరే అని తెలుస్తుందని. గడప దగ్గర నిలబడి చూపించాడు. మిన్ను గబుక్కున వచ్చింది. బొమ్మను లాక్కుంది. గదిలోకి ఉరికింది. బొమ్మను తీసుకుంది, తండ్రిని తీసుకోలేదు.

"బాగ చేసినవ్ సారూ," అంది పోశవ్వ. "ఇప్పటిదాంక ఫోన్లనే ఉండె. ఇప్పుడు పరుపు మీదికచ్చిండు."

పసుపు ఆరబోసిన వాకిలి

తర్వాత జరిగిన దాంట్లో ఉపాయమంతా నాదేనని చాలా చోట్ల చెప్పాను. గంగాధర్‌ను పక్కకు తీసుకుపోయి, ఎట్లా నడవాలో అడుగు అడుగూ నేర్పానని కూడా చెప్పాను. నేర్పలేదు. అప్పుడు నేను అరుగు మీద కూర్చొని చాయ్ తాగుతున్నాను.

గంగాధర్ బ్యాగును వాకిలి అవతల ఆటోలో పెట్టి రావడానికి పోయాడు. తిరిగి ఇంట్లోకి రావాలంటే పసుపు దాటాలి. చెప్పులు విడిచి వాకిట్లో అడుగు పెట్టగానే పోశవ్వ కట్టె లేపింది.

"ఒరేయ్, పసుపు మీద కాలు పడితె సూడు! గల్ఫోనివని సూడ, కాలిరుగగొడత!"

అతను కిందికి చూశాడు. సందు వెతికి ఒక అడుగు వేశాడు. ఆగాడు. చేతులు రెండు పక్కలా చాపి నిలదొక్కుకున్నాడు. ఇంకో సందు చూసుకొని చటుక్కున రెండో అడుగు వేశాడు. మళ్ళీ ఆగాడు.

గది తలుపు కొంచెం తెరుచుకుంది. మిన్ను తల బయటికి వచ్చింది. చేతిలో బొమ్మ. కళ్ళు తండ్రి కాళ్ళ మీద ఉన్నాయి.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టలేకపోయాను. బస్టాండు ఎదుట హోటలూ మల్లేశం సారూ గుర్తుకొచ్చారు.

గంగాధర్ కూడా పిల్లను చూశాడు. ఆ సినిమా సుజాత అతనికీ పంపింది, అక్కడ గల్ఫ్ గదిలో ఎన్నిసార్లు చూసుకున్నాడో. ఎదుట పసుపు లేని జాగా ఉంది, మామూలుగా నడిచి రావచ్చు. రాలేదు. ఒక కాలు సగం లేపి అట్లాగే ఆగిపోయాడు. తర్వాత చటుక్కున వేశాడు. ఆగాడు. నా బద్ధకంలోంచి పుట్టిన నడకను నాకంటే బాగా నడిచాడు.

మిన్ను గడప మీదికి వచ్చింది. "అమ్మా," అంది మెల్లగా, "డాడీ లెక్క నడుస్తుండు."

సుజాత మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. పోశవ్వ కట్టె గాలిలోనే ఆగిపోయింది. ఒక కోడి పసుపు మీదికెక్కితే దాన్ని ఎవరూ అదిలించలేదు.

అరుగు ముందుకు వచ్చి గంగాధర్ గొంతుక్కూర్చున్నాడు. ఉట్టి చేత్తోనే సూట్‌కేసు పక్కన పెట్టినట్టు పెట్టాడు. రెండు చేతులూ చాపాడు. సినిమా అక్కడికే అయిపోతుంది. ఆ తర్వాత ఏం చేయాలో అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

మిన్ను మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది. చాపిన చేతుల మధ్యకు వచ్చి నిలబడింది. చేతిలో బొమ్మను చూసింది, అతన్ని చూసింది.

"మీసాలేవి?" అంది.

"నీ చేతిల ఉన్న ఆయినకు ఇచ్చిన బిడ్డా. అడుగు, ఇస్తడేమో," అన్నాడు.

పిల్ల ఆలోచించింది. బొమ్మ మీసాలను గోరుతో గీరింది. గమ్ గట్టిదే, అయినా ఊడింది. చీమంత ఉన్ని ముక్క. దాన్ని నాలుకకు అద్ది, తండ్రి పై పెదవి మీద పెట్టి, వేలితో గట్టిగా అదిమింది. అంత పెద్ద ముఖం మీద అంత చిన్న మీసం. అదీ ఒక పక్కకు. పిల్ల వెనక్కి జరిగి చూసుకొని, తల ఊపి, మెడ చుట్టూ చేతులు వేసింది.

గంగాధర్ కదలలేదు. పిల్ల వీపు మీద చేయి వేశాడు గాని మెడ తిప్పలేదు, పెదవి కదపలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అంత కదలకుండా నిలిచిన బొమ్మ నా బల్ల మీద ఎన్నడూ లేదు.

"ఏందిరా బొమ్మ లెక్క గట్ల కూసున్నవ్? లోపటికి రా," అంది పోశవ్వ.

"ఊకో అవ్వా," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. "మీసం ఊడుతది."

ఆటోవాడు హారన్ కొట్టాడు. సుజాత పోయి బ్యాగు దించుకొని వచ్చింది.

నా ఫోన్ జేబులోనే ఉంది. జీవితమంతా ఫోటోలు తీసినవాణ్ణి, ఒక్కటి తీయలేదు. తీయకపోవడమే గొప్పతనమని చెబుదామనుకున్నాను. నిజానికి ఒక చేతిలో చాయ్ గ్లాసు ఉంది, ఇంకో చేత్తో ముక్కు తుడుచుకుంటున్నాను.

అతను సెలవంతా ఇంట్లోనే ఉండి, మళ్ళీ గల్ఫ్‌కు పోయాడు. ఇప్పుడు ఫోన్ మోగితే మంచం కిందికి ఎవరూ దూరడం లేదట. మొన్న తల్లీబిడ్డలు కోరుట్లకు వచ్చినప్పుడు మిన్ను బొమ్మను కూడా తెచ్చింది. అంగీ మాసింది, ఒక కాలు వదులైంది, మూతి మీద గమ్ మరక మాత్రం ఉంది. కాలు బిగించి ఇచ్చాను. ఉన్ని ఉండ కూడా చేతిలోకి తీసుకొని, "మంచి మీసాలు పెట్టియ్యాల్నా, పాతయాటికంటె పెద్దయి?" అని అడిగాను.

మిన్ను బొమ్మను నా చేతిలోంచి తీసుకుంది.

"వద్దు తాతా," అంది. "గా మీసాలు డాడీయి."